పిన్ని తీసిన తెల్ల ఫోటోలు

మా పిన్ని ఇప్పటికి లక్ష ఫోటోలైనా తీసి ఉంటుంది. వాటిలో ఒక్కదాంట్లోనూ మనిషి లేడు, చెట్టు లేదు, కనీసం ఒక కాకి కూడా లేదు. అన్నీ తెల్లగా ఉంటాయి. ఉత్త తెలుపు. ఆ తెలుపు కోసం ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా పొద్దున్నే లేచి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, మూడంతస్తుల మెట్లెక్కి వెళ్ళి ఒక గదిలో కూర్చుంటుంది. అది కూడా ఒక పనేనని మా ఇంట్లో వాళ్ళు ఒప్పుకోవడానికి పదేళ్ళు పట్టింది. "ఏమీ లేనిదాన్ని ఫోటో తీయడమేమిటే, తిన్నది అరక్కనా?" అని మా అమ్మ, అంటే పిన్నికి స్వయానా అక్క, వచ్చినప్పుడల్లా అడిగేది.

నేను ఆ అక్క కూతురిని. ఎనిమిదేళ్ళుగా ఆ గదిలో కంప్యూటరు ముందు కూర్చునేది నేనే. నా నోట్లో నువ్వుగింజ నానదని చుట్టాలందరిలోనూ పేరు. పిన్ని నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో, "వాగుడుకాయ్" అనే అంటుంది. అలాంటి నేను ఒక మాటని ఏడాది పాటు మింగి కూర్చున్నాను. పిన్ని కంటికి తెలుపు తెలుపులా కనబడటం లేదన్న మాట. అది ఆవిడకి చెప్పాలా వద్దా, చెబితే ఎలా చెప్పాలి అన్నదే ఆ ఏడాదంతా నన్ను తినేసిన గొడవ. అదే చెప్పబోతున్నాను. అయితే పిన్ని ఎలాంటి మనిషో, ఆ పని ఎలాంటిదో తెలియకపోతే ఇదంతా ఒక కంటి జబ్బు గోలలా ఉంటుంది. కాబట్టి కాస్త వెనక్కి వెళ్ళక తప్పదు.

పిన్నికి ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళింట్లో సామాన్ల గది ఒకటి ఉండేదట. దాని తలుపుకి మేకు ఊడిపోయి చిన్న చిల్లు పడింది. మధ్యాహ్నం పూట తలుపేసుకుని కూర్చుంటే ఎదుటి గోడ మీద వీధి మొత్తం కనిపించేదట, తలకిందులుగా. సైకిళ్ళు పైకప్పు మీద నడిచేవి. ఎదురింటావిడ ఆరేసిన దుప్పట్లు పైకి వేలాడేవి. పిన్ని మూటల మీద కూర్చుని గంటలు గంటలు చూసేది. ఇంట్లో వాళ్ళు ఊరంతా వెతికి, చివరికి అక్కడ పట్టుకుని చెవి మెలిపెట్టి లాక్కొచ్చేవాళ్ళు. "అక్కడ వేరే ఊరుంది" అని చెప్పిందట. మా అమ్మ కూడా ఒకసారి వెళ్ళి కూర్చుంది గానీ రెండు నిమిషాల్లో తల తిరిగి బయటికి వచ్చేసింది. అమ్మకి ఇప్పటికీ ఆ ఊరి మీద నమ్మకం లేదు.

పెద్దయ్యాక పిన్ని ఒక కెమెరాల మరమ్మతు దుకాణంలో పనికి చేరింది. ఆ దుకాణం నడిపే ముసలాయన్ని ఆవిడ గురువుగారనేది. ఆయన దగ్గర పదిహేనేళ్ళు లెన్సులు విప్పడం, తుడవడం, బిగించడం నేర్చుకుంది. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చిన రోజుల్లో ఆయన "ఇక మన దుకాణం కట్టేసినట్టేనమ్మా" అని స్క్రూడ్రైవర్లన్నీ గుడ్డలో చుట్టేశాడు. పిన్ని మాత్రం వేరే సంగతి గమనించింది. పాత లెన్సులకీ కొత్త పెట్టెలకీ పొసగడం లేదు. పొసగని చోట పని దొరుకుతుందని ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పిన్ని చేతిలో నలిగేవి టెక్నికల్ కెమెరాలు. మెడలో వేలాడదీసుకుని టకటకా కొట్టేసేవి కాదు. ముందు ఒక లెన్స్, వెనక ఒక డిజిటల్ బ్యాక్, మధ్యలో లోహపు చట్రం, అంతే. డిజిటల్ బ్యాక్ అంటే ఒకప్పుడు ఫిల్ము పెట్టిన చోట తగిలించే పెట్టె. పెద్ద భవనాలూ వంతెనలూ తీసేవాళ్ళకి ఇవి కావాలి, ఎందుకంటే లెన్సుని పైకీ పక్కలకీ జరుపుకోవచ్చు, గోడలు ఒరిగిపోకుండా నిటారుగా నిలబెట్టుకోవచ్చు. కానీ దీనికి సొంత తెలివంటూ ఏమీ లేదు. లెన్సుకీ బ్యాక్‌కీ మధ్య దూరం వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా దూరపు కొండ మసకబారిపోతుంది. అందుకని పిన్ని మధ్యలో పల్చటి ఇత్తడి రేకులు పెడుతుంది. ఒకటి తీస్తుంది, ఇంకొకటి పెడుతుంది, కిటికీలోంచి దూరంగా కనిపించే నీళ్ళ ట్యాంకు మెట్లని లెక్కపెడుతుంది. మెట్లన్నీ విడివిడిగా కనబడేదాకా ఆవిడతో మాట్లాడకూడదు. మాట్లాడితే తిడుతుంది. నేను మాట్లాడేదాన్ని, తిట్లు తినేదాన్ని.

అది సగం పనే. మిగతా సగం రంగు.

వెడల్పుగా చూసే వైడ్ లెన్స్ బ్యాక్‌కి మరీ దగ్గరగా కూర్చుంటుంది, ముక్కుకి ముక్కు ఆనించినట్టు. దాంతో మధ్యలో వెలుగు తిన్నగా పడినా, అంచుల్లో బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్ముకి ఆ బాధ లేదు, ఎటునుంచి పడినా తాగేసేది. డిజిటల్ బ్యాక్ అలా కాదు. "లోపల కోట్ల కొద్దీ చిన్న చిన్న బావులున్నాయనుకోవే" అని పిన్ని నాకు మొదటి రోజు చెప్పింది. "ఎండ నడినెత్తిన ఉంటే బావి అడుగుదాకా వెళ్తుంది. వాలిందా, గోడకి తగిలి పక్క బావిలోకి చిందుతుంది." అలా చిందిన వెలుగే ఫోటోలో ఒక పక్క గులాబీ రంగుగానూ ఇంకో పక్క ఆకుపచ్చగానూ తేలుతుంది. ఏ లెన్సుకి ఏ బ్యాక్ జత కడితే ఎంత చిందుతుందో దేని లెక్క దానిదే.

దీనికి మందు తెల్ల పలక. పాలలాంటి రంగుతో, వెలుగుని లోపలికి రానిచ్చే చదరపు పలక. దాన్ని లెన్సుకి ఆనించి పట్టుకుని ఫోటో తీస్తే ఉత్త తెలుపు రావాలి. అందులో ఏ రంగు కనిపించినా ఆ జత దోషమే. కంప్యూటరు ఆ దోషాన్ని గుర్తుపెట్టుకుని అసలు ఫోటోలోంచి తీసేస్తుంది. లెన్సుని జరిపిన ప్రతి స్థానానికీ వేరే తెలుపు కావాలి. ఒక్కో జతకి ముప్ఫై అయిదు తెలుపులు తీసి, ఒక కార్డులో పెట్టి, లెన్సుతో పాటు ఇచ్చేస్తుంది పిన్ని. మా బాబాయి దీన్నంతా విని ఆవిడకి పెళ్ళిళ్ళ పేరమ్మ అని పేరు పెట్టాడు. ఆయన సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, మాటకి ముందు నవ్వు వచ్చేది. "మా ఆవిడ కుదిర్చిన సంబంధాలు ఒక్కటీ విడిపోలేదు. మాదొక్కటే ఎప్పుడూ చివరి అంచుల్లో ఉంటుంది" అనేవాడు.

చివరగా పిన్ని చేసేది ఒకటుంది. గది తెల్ల గోడని ఒక ఫోటో తీసి, పలక లెక్కతో సరిచేసి, ఆ తెలుపుని పెద్ద స్క్రీన్ మీద పెట్టి, కిటికీ తెరలు దించి, దాని ముందు కూర్చుంటుంది. చూస్తూ ఉంటుంది. ఒక్కోసారి అయిదు నిమిషాలు, ఒక్కోసారి అరగంట. నేను మొదట్లో ఆవిడ నిద్రపోతోందనుకునేదాన్ని. తర్వాత్తర్వాత నాకూ అలవాటైంది. అలా చూడగా చూడగా తెలుపు కాస్త దూరం జరుగుతుంది. మళ్ళీ దగ్గరికి వస్తుంది. అందులో ఎవరో నడిచి వెళ్ళినట్టుంటుంది, చూస్తే ఎవరూ ఉండరు. కింద వీధిలో బస్సుల చప్పుడు ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. నేను ఎన్నో మధ్యాహ్నాలు ఆ తెలుపులో ఎక్కడెక్కడికో వెళ్ళి వచ్చాను. అంతలో పిన్ని "కుదిరింది" అనేది. ఆ ఒక్క మాట కోసం ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో లెన్సులు పట్టుకుని వచ్చేవాళ్ళు. స్క్రీన్ మీద అంకెలు కూడా కనిపిస్తాయి, ఎరుపెంత, నీలమెంత అని. పిన్ని వాటి వంక చూసేది కాదు. "అంకెలు చదవడానికి నేనెందుకే, చూడ్డానికి ఉన్నాను" అనేది.

పోయినేడాది ఎండలు ముదరకముందు ఒక రోజు పిన్ని తెలుపు చూసి "కుదిరింది" అంది. నేను చూస్తే ఎడమవైపు సన్నగా నీలం ఉంది. మబ్బు నీడ పడినట్టు.

నన్ను పరీక్షిస్తోందనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది. నేను అంకెలు చూశాను. నీలమే. తర్వాత పలక చూశాను. అది కిటికీ గూట్లో సంచిలోంచి సగం బయటికి వచ్చి ఎన్నాళ్ళు ఎండకి పడి ఉందో, ఆ సగం పాత పేపరులా పచ్చబడిపోయింది. పలక పచ్చగా ఉంటే కంప్యూటరు ఆ పసుపుని దోషమనుకుని తీసేస్తుంది, అక్కడ ఫోటో నీలమెక్కుతుంది. దొరికింది దొంగ అనుకున్నాను.

"పిన్నీ, ఈ పలక పాతదైపోయింది, కొత్తది తెప్పిద్దాం" అన్నాను.

ఆవిడ దాన్ని తీసుకుని కిటికీకి అడ్డంగా పెట్టి అటూ ఇటూ తిప్పింది. సగం తెలుపు, సగం పసుపు. నాకు గది అవతలి నుంచి కనబడుతోంది.

"పాలలా ఉంది. దీనికేమొచ్చిందే? నీకు కొత్త వస్తువుల పిచ్చి" అని తిరిగి సంచిలో పెట్టేసింది.

అప్పుడు పాత మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కొన్నాళ్ళుగా ఆవిడ "ఈ మధ్య వచ్చే స్క్రీన్లన్నీ మసకగా ఉంటున్నాయి" అంటోంది. మెట్ల దగ్గర లైటు మార్చమని రెండుసార్లు చెప్పింది. కంట్లో శుక్లం ముదిరితే లోకం మీద పల్చటి పసుపు పరదా పడుతుందనీ, అది మెల్లగా పడుతుంది కాబట్టి ఆ మనిషికి తెలియనే తెలియదనీ, మొదట పోయేది నీలమేననీ ఎక్కడో చదివాను. ఆ పరదాలోంచి చూస్తే సన్నటి నీలం కూడా తెలుపే.

అదే రోజు చెప్పాల్సింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను అదే అంటాను. కానీ ఆ రోజు లెన్స్ తాలూకు మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పరాయి వాళ్ళ ముందు ఎలా అంటాను? మర్నాడు పిన్ని మంచి ఉషారుగా ఉంది, ఎందుకు పాడుచేయడమనుకున్నాను. ఆ మర్నాడు ఆవిడకి తలనొప్పి. నిజం చెప్పడానికి మంచి రోజు వెతుక్కునేవాడికి ఆ రోజు ఎన్నటికీ రాదు. పైగా నాకు భయం. "కుదిరింది" అన్న మాట మీద బతికే మనిషితో నీకు కనబడటం లేదని చెబితే, ఆవిడ స్క్రూడ్రైవర్లు గుడ్డలో చుట్టేసి ఇంట్లో కూర్చుంటుందని నా భయం. చెబితే ఆవిడ పని పోతుంది, చెప్పకపోతే ఆవిడ పేరు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కాబట్టి తెలివైనదాన్ని కదా, మూడో దారి కనిపెట్టాను. కొత్త పలక ఒకటి తెప్పించి ఫైళ్ళ వెనక దాచాను. పిన్ని ఒంటిగంటకి భోజనానికి ఇంటికి వెళ్ళి రెండున్నరకి వస్తుంది. ఆ గంటన్నరలో నేను తలుపు గడియ పెట్టి, అదే లెన్స్, అదే బ్యాక్, ముప్ఫై అయిదు తెలుపులూ మళ్ళీ తీసేదాన్ని. పిన్నివి తీసేసి నావి కార్డులో పెట్టేదాన్ని. ఆవిడ పొద్దున "కుదిరింది" అన్న తెలుపులు ఒకటి, మనుషులు పట్టుకెళ్ళినవి ఇంకొకటి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

సిగ్గు విడిచి ఒక సంగతి చెప్పాలి. ఆ మధ్యాహ్నాలంటే నాకు ఇష్టంగా ఉండేది. తెరల వెనక ఎండ, టేబులు మీద పలక నీడ, ఒక్కదాన్నే. లెన్సుని ఒక్కో గీతా జరుపుతూ తెలుపు వెంట తెలుపు తీస్తుంటే, ఎనిమిదేళ్ళుగా పిన్ని పక్కన కూర్చుని ఆవిడ చూసినదాన్ని నేనూ చూస్తున్నానని తెలిసింది. ఎక్కడ గులాబీ మొదలవుతుందో అంకెలు చూడకుండానే చెప్పగలిగేదాన్ని. ఎవరితోనూ పంచుకోలేని గర్వం అది. దొంగసొత్తు.

వానాకాలంలో బాబాయి పోయాడు. పొద్దున పేపరు చదువుతూ, గుండె ఆగి. ఇంకేం చెబుతాను? రెండు వారాలకి పిన్ని గదికి వచ్చి, తెర దించుకుని, తెలుపు ముందు కూర్చుంది. చాలాసేపటికి "ఇదొక్కటి ఉందే నాకు" అంది. నేను గుడ్లలో నీళ్ళు కుక్కుకుని కీబోర్డు తుడిచాను. ఆ రోజుతో చెప్పాలన్న ఆలోచన కూడా మానేశాను.

చలికాలంలో వంతెనలాయన వచ్చాడు. ఆయన మా పాత మనిషి. వంతెనలు తప్ప ఇంకేమీ ఫోటో తీయడు కాబట్టి ఆయనకి ఆ పేరు. మెత్తటి మాట. ఒక పాత ఇనుప వంతెనని విప్పేయబోతున్నారట, ఇంకో వారం రోజులే ఉంటుందట. పొగమంచులో దాన్ని మొత్తం ఒకే ఫోటోలో పట్టాలని ఎక్కడిదో పాత వైడ్ లెన్స్ సంపాదించి, తన బ్యాక్‌తో జత కుదర్చమని తెచ్చాడు. సరిగ్గా ఆ రోజే నాకు జ్వరం. నాలుగు రోజులు లేవలేదు. మంచంలోంచి ఫోన్ చేశాను.

"పిన్నీ, ఆ తెలుపులు నేను వచ్చాక తీద్దాం, ఆగు."

"ఏం? నువ్వు లేకపోతే నాకు పని రాదటే? నీకు పలక పట్టుకోవడం నేర్పింది ఎవరే? మాత్ర వేసుకుని పడుకో" అని పెట్టేసింది.

నాకు చెమట పట్టింది. అది జ్వరం తగ్గడం వల్ల కాదు.

పన్నెండు రోజులకి వంతెనలాయన తిరిగొచ్చాడు. చంకలో పెద్ద ప్రింటు. దాన్ని టేబులు మీద పరిచి, తప్పు తనే చేసినట్టు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఎంత బాగుందో! నీళ్ళు లేవు, ఒడ్డు లేదు, పొగమంచులోంచి వంతెన ఒకటే బయటికి వచ్చి మళ్ళీ పొగమంచులోకి వెళ్ళిపోతోంది. ఎడమవైపు మంచంతా నీలం.

"నేనే ఎక్కడో పొరపాటు చేసి ఉంటానమ్మా" అన్నాడాయన. "ఎడమవైపు కొంచెం నీలమెక్కింది. ఇన్నేళ్ళలో మీ దగ్గర ఎప్పుడూ ఇలా కాలేదు."

పిన్ని కళ్ళజోడు సర్దుకుని ప్రింటు మీదికి వంగింది.

"ఎక్కడ?"

ఆయన వేలు పెట్టి చూపించాడు.

"ఎక్కడండీ?"

ఆయన నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను. పిన్ని ప్రింటుని రెండు చేతులతో ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎంతసేపు నిలబడిందో. కింద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళిపోయారు.

"వాగుడుకాయ్" అంది ఇటు తిరగకుండానే. "నీకు కనబడుతోందా?"

"కనబడుతోంది పిన్నీ."

"ఎంత?"

"చాలా."

ఇంకెవరైనా అయితే ఆ మాటకి కూలబడిపోతారు. పిన్ని ప్రింటు టేబులు మీద పెట్టి, "లెన్స్, బ్యాక్ తెచ్చారా?" అని వంతెనలాయన్ని అడిగింది. తెచ్చాడు. "ఫోటోలకేం కాలేదు, భయపడకండి. దోషం జతది. ఆ జత ఇక్కడే ఉంది. తెలుపు మళ్ళీ తీసుకుంటే చాలు" అంది. నా వైపు తిరిగి "తియ్యి" అంది.

పలక కావాలి కదా. పచ్చబడినదానితో తీస్తే మళ్ళీ అదే గొడవ. గత్యంతరం లేక ఫైళ్ళ వెనక చెయ్యి పెట్టి నా పలక బయటికి తీశాను. పిన్ని ఆ పలక వంక చూసింది. తీసినంతసేపూ ఒక పక్కన నిలబడింది. ముప్ఫై అయిదూ అయ్యాయి. కొత్త తెలుపుతో సరిచేసిన వంతెన స్క్రీన్ మీద తేలింది, మంచు మంచులాగే ఉంది. వంతెనలాయన ఊపిరి పీల్చుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడు పిన్ని నా పలకని చేతిలోకి తీసుకుంది. కళ్ళు మూసుకుని బొటనవేలితో దాని అంచులు తడిమింది.

"అంచులు నునుపెక్కాయి. ఇది నిన్నా మొన్నా కొన్నది కాదు" అంది. "ఎన్నాళ్ళయింది?"

"ఏడాది కావొస్తోంది పిన్నీ."

"ఒంటిగంట నుంచి రెండున్నర దాకా. అంతేనా?"

అంతేనన్నాను. పిన్ని పలకని జాగ్రత్తగా కింద పెట్టి, చేతిసంచి తీసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. గట్టిగా నాలుగు తిట్టినా బాగుండేది. ఆవిడ కోపం నాకు తెలుసు, ముక్కు మీదే ఉంటుంది, తుమ్మితే పోతుంది. ఇది ఆ కోపం కాదు.

మూడు వారాలు ఆ గదికి రాలేదు. అమ్మే ఆవిడని కంటాసుపత్రికి తీసుకెళ్ళింది. రెండు కళ్ళకీ శుక్లాలట. ముందు కుడి కంటికి ఆపరేషన్ చేసి, రెండోది తర్వాత చేద్దామన్నారు. నేను ఆసుపత్రికి వెళ్తే పిన్ని నర్సుతో మాట్లాడింది, అమ్మతో మాట్లాడింది, పక్క మంచం మీది ముసలాయనతో కూడా మాట్లాడింది. నాతో మాట్లాడలేదు. అమ్మ నన్ను వరండాలోకి లాక్కొచ్చి "ఏం చేశావే దాన్ని?" అని నిలదీసింది. చెప్పాను. అమ్మ అంతా విని, "మంచికే చేశావులే" అంది చివరికి. ఆ మాట వినడానికి ఎంత హాయిగా ఉందో, నమ్మడానికి అంత కష్టంగా ఉంది.

తర్వాత ఒక పొద్దున నేను వెళ్ళేసరికి గది తలుపు తీసే ఉంది. పిన్ని నల్ల కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఒక కన్ను మూస్తోంది, వీధిని చూస్తోంది. అది తెరిచి ఇంకో కన్ను మూస్తోంది, మళ్ళీ అదే వీధిని చూస్తోంది. చిన్నపిల్లలా.

"ఈ కంటికి ఇంకా పొద్దునేనే" అంది. "ఈ కంటికి సాయంత్రమైపోయింది. ఒకే వీధి చూడు."

నాతోనే మాట్లాడింది! ఎక్కడలేని ప్రాణం లేచి వచ్చింది. నేను టీ తేవడానికి వెళ్ళొచ్చేసరికి ఆవిడ పాత పలకని ముందు పెట్టుకుని కూర్చుంది. పచ్చబడిన సగం మీద చెయ్యేసి, "అబ్బ, ఎంత పసుపే!" అంది, ఎవరి గురించో చెబుతున్నట్టు. తర్వాత స్క్రీన్ మీద నా ఏడాది తెలుపులన్నీ పెట్టించుకుంది. ఎడమ కన్ను మూసుకుని, తెర దించుకుని, ఒకటి తర్వాత ఒకటి చూసింది. మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్ళలేదు. ఆ రోజు తెలుపులో ఎంతదూరం వెళ్ళిందో నాకు తెలియదు. నేను పక్కన కూర్చుని ఒక్కో తెలుపూ తెరిచాను. చివరికి ఫోన్ తీసి ఒక్కొక్కరికీ చేయడం మొదలుపెట్టింది.

"పోయినేడాది మీకిచ్చిన తెలుపులు నావి కావండీ. మా అక్క కూతురు తీసినవి. అవునండీ, ఆ వాగుడుకాయే. నాకు కన్ను దెబ్బతింది, నాకు తెలియలేదు. తెలుపులు మాత్రం బాగున్నాయి. అవే ఉంచుకోండి."

పద్దెనిమిది మందికి అదే మాట చెప్పింది. ఒక్కరితోనూ గొంతు తగ్గించలేదు. ముప్ఫై ఏళ్ళ పేరు తీసి నా చేతిలో పెడుతోంది. ఇక క్షమించేసినట్టే అనుకున్నాను. ఆఖరి ఫోన్ అయ్యాక కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"పిన్నీ, తప్పయిపోయింది. చెబితే నువ్వు పని మానేస్తావని భయపడ్డాను."

"ఎందుకు మానేస్తానే? ఆపరేషన్ చేయించుకునేదాన్ని. అరగంట పని" అంది. గొంతులో కోపం లేదు. "నా పని కాపాడావు. నా పేరు కాపాడావు. కాదనను."

ఏదో ఇంకా ఉందనిపించింది. ఆవిడ స్క్రీన్ ఆపేసింది.

"పోయిన ఎండాకాలం మీ బాబాయి నన్ను సముద్రానికి తీసుకెళ్ళారు, గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు? బస్టాండుకి వెళ్ళి వాళ్ళని బస్సెక్కించింది నేనే. జన్మంతా బస్సు నడిపినా బాబాయి సముద్రం చూడలేదు, పిన్నీ చూడలేదు. అప్పటికి నాకు కన్ను సంగతి తెలిసి రెండు నెలలు.

"ఇసుకలో కూర్చున్నాం. ఆయన 'ఎంత నీలంగా ఉందే!' అన్నారు. నేను చూశాను. బూడిద రంగులో ఉంది. 'నీలమెక్కడండీ, బూడిద రంగు' అన్నాను. ఆయన మళ్ళీ చూసి, 'కాదే, నీలం' అన్నారు. నాకు ఒళ్ళు మండింది. 'ముప్ఫై ఏళ్ళుగా రంగులు చూసేది మీరా నేనా?' అన్నాను."

నేను పాత పలకని తీసి సంచిలో పెట్టాను.

"ఒప్పేసుకున్నారు" అంది పిన్ని. "'నీకంటే నాకు తెలుసా, బూడిద రంగే అయ్యుంటుందిలే' అన్నారు. తిరిగొచ్చేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంటికొచ్చాక మీ అమ్మ అడిగితే, సముద్రం బూడిద రంగులో ఉంటుందని చెప్పారు."

నల్ల కళ్ళజోడు కిందికి దించుకుని అడిగింది. "నీలంగానే ఉండి ఉంటుంది కదే?"

"అవును పిన్నీ."

"నువ్వు ముందే చెప్పుంటే, వానలు పడే లోపల ఆయనకా మాట చెప్పేదాన్ని. మీరే కరెక్టండీ అని."

డాక్టరు ఆరు వారాల దాకా ఏడవకూడదన్నాడట. పిన్ని ఏడవలేదు. నేను ఏడ్చాను.